దేవమణి సుడి

సుళ్లు, సుళ్లు అని బతికినన్ని దినాలూ నా తల తింటివే, యాడ బొయ్యెనయ్యా నీ సుళ్లు? లేసి జవాబు సెప్పు. సెప్పవులే. రెండేండ్లుగా ఈ మట్టి కింద పండుకోని నువ్వు నాకు ఏ మాటకు జవాబు సెప్పినావు గనక!

గుర్రానికి గొంతు కింద దేవమణి సుడి ఉంటే అది ఇంటికి దేవుడిచ్చిన బిడ్డ అంటివి. కంటి కింద కన్నీటి సుడి ఉంటే యజమాని పెండ్లాన్ని ఏడిపిస్తాది, దాని నీడ గూడా తొక్కొద్దంటివి. అన్నీ గుర్తు పెట్టుకుంటిని. అన్నీ సూసుకునే కొంటిని. కొని ఇట్లా అయిపోతిని.

మెల్లిగా మాట్లాడమంటావా? ఎవురుండారీడ ఇనేదానికి? అందరూ చర్చిలో ఉండారు. ఈ పొద్దు సంస్కారం ఆదివారం. అయ్యగారు రొట్టె ఇరస్తా ఉంటే నేను లేసి ఎనక వాకిట్లోంచి సమాధుల తోటకు వచ్చేస్తి. పక్కనుండే కాంతమ్మ "యాడికే మణెమ్మా?" అని కొంగు పట్టి లాగె. కడుపునొప్పి అంటి. కడుపునొప్పి గాదయ్యా. ఆ రొట్టె అందుకునేదానికి నాకు సెయ్యి రాలా.

ఏమాయె అంటావా? సెప్తా. అది సెప్పేదానికే వచ్చినా. మధ్యలో అడ్డం రావొద్దు, మొదట్నించీ సెప్పనీ.

నువ్వు పొయ్యినాక నీ జట్కా బండి పెరట్లోనే నిలబడి ఉండె. నీ ముసలి గుర్రం గూడా ఆ వానకాలంలోనే నీ ఎనకమ్మడే పాయె. బండి మింద కోళ్లు పండుకుంటా ఉండె. నేను ఆసుపత్రిలో గుడ్డలుతికే పనికి చేరితి. సోడాకారానికి ఏళ్ల సందుల్లో ఎప్పుడూ పుండ్లే. అన్నం కలుపుకుంటే భగ్గుమంటాది.

క్రిస్మస్సుకు ముందర మా తమ్ముడు కరుణాకర్ పట్టాళం నుంచి వచ్చె. యుద్ధం అయిపోయిందని అందర్నీ ఇండ్లకు పంపేసిరి గదా. వాడు ఆడ బర్మా కొండల్లో కంచరగాడిదలు తోలినాడంట. మనిషి సగమై వచ్చినాడు. వచ్చిన నాలుగు దినాలకే నా చేతులు సూసి, "అక్కా, బావ బండి ఊరికే యాల పడుండాల? నా పట్టాళం రూకలుండాయి, గుర్రం కొందాం. నేను తోలతా. నువ్వు ఆ గుడ్డలుతికేది మానెయ్" అనె.

వాని రూకలయ్యా అవి. జొరాలు పడి, సావును కండ్లారా సూసి తెచ్చుకున్న రూకలు. వాడు పెండ్లి చేసుకోని ఒక ఇల్లు కట్టుకోవాల్సినవి. అక్క చేతులు సూసి ఇచ్చేసె పిచ్చినాకొడుకు.

ఇద్దరం పుంగనూరు పశువుల పరసకు పోతిమి. ఆడ ఒక ఎర్రగుర్రం ఉండె. ఏం గుర్రమయ్యా అది! రొమ్ము ఇంత ఎడల్పు. కరుణాకర్ దాన్ని పరస ఆ కొసదాకా లగెత్తించి తెచ్చె. వచ్చి నిలబడి నాలుగు తూర్లు బుస్సుమని గమ్మున అయిపోయె. "అక్కా, ఇదే మన గుర్రం" అన్నాడు.

నేను కంటి కింద సూస్తిని. సుడి! అణాబిళ్లంత కన్నీటి సుడి! "వద్దురా" అంటి.

"అక్కా, ఎంటికలు తిరిగిందానికి గుర్రమేం జేస్తాది? పట్టాళంలో దొరలు సుళ్లు సూస్తారా?" అన్నాడు.

"ఆ దొరల పెండ్లాలు సీమలో ఏడ్సుంటే నీకేం తెలుసురా?" అంటి.

నవ్వొద్దు! నేను ఒకసారి ఏడ్సినదాన్ని గదా. ఇంగోసారి ఏడ్సేదానికి నాకు ఓపిక లేకపాయె. అయ్యగారికి తెలిస్తే ఊరుకుంటాడా? ఏసుక్రీస్తును నమ్ముకున్నోళ్లకు సుళ్లేంది, శకునాలేందీ అని పీఠమెక్కి అరుస్తాడు. నువ్వు గూడా ఆయన ముందర తల ఊపి, సందు తిరిగినాక గుర్రం గొంతు తడిమేవాడివే గదా. నీ తావే నేర్సుకుంటి.

ఇట్లా ఎతుకుతా ఎతుకుతా పోతే, ఒక బండి నీడలో తెల్లగుర్రం కట్టేసుండె. పక్కన పాపయ్య అని, కుప్పం ఊరి ఆయప్ప. కుప్పం స్టేషను కాడ జట్కాలుండాయంట ఆయప్పకు. నేను గుర్రం గొంతు కింద సెయ్యి పెడితి. నడిమధ్యన, నీ బొటనేలు పెట్టినట్టు, సుడి. దేవమణి! నా కండ్లల్లో నీళ్లు తిరిగె. నువ్వే పంపించినావు అనుకుంటి. సత్తెంగా సెప్తాండా, నువ్వే ఆ బండి నీడలో కట్టేసి పొయ్యినావు అనుకుంటి.

కరుణాకర్ పండ్లు సూసె, గిట్టలు సూసె, కాళ్లు ఎత్తి సూసె. "రొంత లగెత్తించి సూస్తా" అంటే పాపయ్య, "ఈ ఎండలో యాలప్పా లగెత్తించేది? రేపట్నించీ నువ్వే గదా తోలేది" అనె. గుర్రం సగం కండ్లు మూసుకోని ఎంత నెమ్మదిగా నిలబడుండె! సాధు జీవి అనుకుంటిమి. దాని గొంతులో నల్లమందు ఉండ దిగిందని మాకేం తెలుసు?

ఇంగ బేరం. నీకు తెలిసిందే గదా. ఇద్దరూ చేతులు పట్టుకుంటే పైన తువ్వాలు కప్పేసిరి. లోపల ఏళ్లు పట్టుకునేది, నొక్కేది, ఇదిలించేది. పరస పరసంతా సూస్తా ఉన్నా ఎవురికీ ఏమీ తెలీదు. ఆయప్ప నోరు తెరిచి నాతో అనింది ఒకటే మాట. "నోరులేని జీవి అమ్మా, నాలుగు పక్కలా మీరే సూసుకోండి" అన్నాడు.

నేను సుడి సూసుకుంటి. ఆయప్ప నా మొగం సూసుకునె.

ఆ ఎర్రగుర్రాన్ని మన బజారు సుబ్బరాయుడు కొనుక్కునె. ఇప్పుడు దినామ్మూ మన వాకిట్లోనే గజ్జెలు కట్టుకోని పోతా ఉంటాది. సుబ్బరాయుడి పెండ్లాం ఏడ్సేది యాడ? రొంత ఒళ్లు గూడా చేసింది.

తెచ్చిన మూడో దినమనుకుంటా. బండిలో ఇద్దరు రోగులు, నేను. కరుణాకర్ తోలతాండాడు, కొత్త బెత్తం, కొత్త తలపాగా. ఆసుపత్రి మిట్ట ఎక్కుతా ఉంటే గుర్రం దగ్గె.

పెద్ద దగ్గేం గాదు. చిన్నగా, పొడిగా, యాడో లోపల్నించి. ఒక్కసారి దగ్గి, తప్పు చేసినట్టు గమ్మున అయిపోయె. కరుణాకర్ కి తెలియలా. నేను ఎనక కూర్సోని దాని డొక్క సూస్తి. ఊపిరి ఇడిస్తే డొక్క ఒక తూరి లోపలికి పొయ్యి, ఆగి, మళ్లా ఇంగో తూరి లోపలికి పోతాండాది. మిగిలిపొయ్యిన ఊపిరిని పిండుకుంటా ఉన్నట్టు.

అది నీ దగ్గయ్యా. నాకు తెలీదా? ఎన్నేండ్లు ఆ దగ్గు పక్కన పండుకున్నదాన్ని!

"నిలుపురా" అని దిగేస్తి. రోగులు తిడతా నడుసుకుంటా పొయ్యిరి.

పశువుల డాక్టరు దాని రొమ్ముకు గొట్టం పెట్టి సూసి, "ఇది పాత జబ్బమ్మా. ఊపిరితిత్తులు పొయ్యినాయి. బరువు లాగితే ఏదో ఒక దినం మిట్ట మిందనే పడిపోతాది. ఊరికే మేస్తా ఉంటే ఎన్నాళ్లైనా బతుకుతాది" అన్నాడు. అమ్మే ముందర రొంత నల్లమందు పెట్టి, తడి గడ్డే వేస్తే ఒక పూట దగ్గు అణిగుంటాదంట. ఊరికే మేపేదానికి మనమేమన్నా జమీందార్లమా? గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారే, అట్లా అయిపోయె మా బతుకు.

అయినా ఎట్లా సూస్తా ఊరుకునేది? గడ్డిని నీళ్లతో తడిపి దుమ్ము లేకుండా వేస్తి. దగ్గుకు మంచిదని అడ్డసరం ఆకు ఉడకేసి, బెల్లం కలిపి తాపిస్తి. నీకు తాపించిన సట్టిలోనే. అది తాగి నా భుజం మింద మొగం పెట్టి నిలబడేది. కరుణాకర్ మాత్రం పొద్దన్నే లేసి సెనక్కాయల మిల్లుకు మూటలు మోసేదానికి పోతాండె. నన్ను ఒక్క మాటనలా వాడు. అనుంటే బాగుండు.

వాని కోసమే వకీలు కాడికి పోతిని. దేవరాజులు నాయుడని, మునసబు కోర్టు ఎదురుగా ఉండాడే, ఆయన కాడికి. మంచోడు. కూర్సోమనె.

"ఆ అమ్మినాయప్ప ఏం సెప్పినాడు? గుర్రం బాగుండాది, రోగం లేదు అన్నాడా?" అని అడిగె.

"లేదు సామీ. తువ్వాలు కింద ఏళ్లు పట్టుకునె."

"ఏళ్లు కోర్టుకు రావమ్మా. నోటితో ఏమన్నాడు?"

"మీరే సూసుకోండి అన్నాడు."

"మరి మీరు సూసినారా?"

"సూసినాను సామీ."

"ఏం సూసినావు?"

తల వంచుకోని, సుడి సూసినాను సామీ, అంటి. నగతాడేమో అనుకుంటి. ఆయన కాగితం పక్కన పెట్టి, కుర్చీ ముందరికి లాక్కోని, "ఏం సుడి?" అనె. దేవమణి అంటి. "నిజంగానా? గొంతు నడిమధ్యనేనా?" అని అడిగె సూడు! కేసు మరిసిపొయ్యె మహానుభావుడు. ఆయన తాత కాడ అట్లాటి గుర్రం ఉండెనంట. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చె.

తరవాత నెమ్మదిగా సెప్పె. గుర్రం ఎనక్కి ఇచ్చి రూకలు అడగొచ్చంట. లేకపోతే గుర్రం పెట్టుకోని నష్టం అడగొచ్చంట. రెండింటికీ, ఆయప్ప తెలిసే మోసం చేసినాడని సాక్షి కావాలంట. నల్లమందు పెట్టేటప్పుడు సూసినోడు యాడుండాడు? పైగా, "రోగముందని తెలిసిన దినమే, ఇది నాకొద్దని ఆయప్పకు సెప్పుండాల గదమ్మా. నువ్వేమో ఇంట్లో పెట్టుకోని మందులు తాపిస్తివి. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఎట్లా? తెలిసీ ఉంచుకుంటే, చట్టం లెక్కలో నువ్వు దాన్ని ఒప్పుకున్నట్టే" అన్నాడు.

"నోరులేని జీవికి మందు తాపిస్తే ఒప్పుకున్నట్టా సామీ?"

"ఒప్పుకున్నట్టే."

నాకు ఆడనే నువ్వు గుర్తొస్తివి. కండ్లు తుడుసుకుంటా ఉంటే ఆయన గుర్రం కోసం అనుకోని మంచినీళ్లు తెప్పించె.

మన పెండ్లి నాడు, ఇదే చర్చిలో. నేను వాయల్పాటి పిల్లను, ఈ ఊర్లో నాకెవురు తెలుసు? అయ్యగారు పుస్తకం పట్టుకోని గట్టిగా సదివె. ఈ యిద్దరి వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్నయెడల ఇప్పుడే చెప్పవలెను, లేనియెడల ఇక ఎన్నటికిని ఊరకుండవలెను అని. సదివి ఆగె. చర్చి చర్చంతా గమ్మున ఉండె. పిచ్చుకలు మాత్రం పైన కిచకిచమంటా ఉండె.

ఆ గమ్మునలో నువ్వు దగ్గితివి. చిన్నగా, పొడిగా. తప్పు చేసినట్టు.

నేను మేలిముసుగులోంచి నీ పక్క తిరుగుతా ఉంటే, ముందు బెంచీలో మీ మేనత్త విమలమ్మ ఉండె గదా, కొంగు నోటికి పెట్టుకోని ఖళ్లు ఖళ్లుమని దగ్గె! నీ దగ్గును తన దగ్గుతో కప్పేసె ముసల్ది. ముసలమ్మకు దగ్గు పట్టింది అనుకోని మా నాయన జేబులోంచి మిరియాలు తీసి ఇచ్చె గూడా. ఊరు ఊరంతటికీ తెలుసు నీ రొమ్ము సంగతి. మా నాయనకు తప్ప, నాకు తప్ప.

కాపురానికొచ్చిన వారానికే నాకు తెలిసిపాయె. పొయ్యి అడిగితి ఆయమ్మను. "ఏమత్తా, ఒక్క మాట సెప్పుండకూడదా?" అని. ఆయమ్మ వక్క కొరుకుతా, "సెప్తే ఎవురిస్తారే పిల్లను?" అనె. అంతే! ఆ పొద్దు నుంచి ఆయమ్మ సచ్చేదాకా తిడతానే ఉంటి. సచ్చినాక గూడా. అదిగో, ఆ పక్క వరసలోనే ఉండాది ఆయమ్మ సమాధి. ఇన్నేండ్లలో ఒక్క పువ్వు పెట్టిందిలేదు నేను.

నిన్ను ఇడిసి పుట్టింటికి పోవచ్చు. మా నాయన రమ్మనె గూడా. పోలా. అడ్డసరం తాపిస్తా ఉండిపోతి. నువ్వంటే నాకు ప్రాణం, అది నీకూ తెలుసు. వకీలు సెప్పినట్టు, తెలిసీ ఉంచుకుంటి.

ఏందిది, యాడికో పోతాండాది కత. కుప్పం కాడికి వస్తా ఉండు.

వకీలు నోటీసు రాసిచ్చె. ముందు పొయ్యి నెమ్మదిగా అడుగు, వినకపోతే ఇది చూపించు అనె. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపిస్తారే, ఆ బస్సులో పోతిని. పలమనేరు దాటి మిట్ట ఎక్కలేక బస్సు ఆగిపాయె. మొగోళ్లందరూ దిగి తోసిరి. బస్సు కూడా ఆయాసంతో ఎగబోస్తాండాది. నా రాతే ఇంత, నేనెక్కింది ఏదీ మిట్ట ఎక్కదు అనుకుంటి.

పాపయ్య ఇల్లు స్టేషను ఎనక. నోటీసు సూసి భయపడినాడు గానీ అబద్ధమాడలా. "అవునమ్మా, దగ్గుండాది. సెప్తే ఎవురు కొంటారు?" అనె.

ఆ మాటకు నేను ఆడనే వాకిట్లో కూలబడితి. అదే మాట, అదే తీరుగా, వక్క నములుతా. ఆయప్ప పెండ్లాం చెంగమ్మ భయపడి మజ్జిగ తెచ్చిచ్చె.

"నన్ను కోర్టుకు లాగితే నీకేమొస్తాదమ్మా? ఏండ్లు తిరగతావు. నా తావ రూకల్లేవు, ఇంగో గుర్రం కొనేసినా. ఒక పని సెయ్. దాన్ని మళ్లా పుంగనూరు పరసకు తోలుకోని రా. నేనే అమ్మిస్తా. మీ రూకలు మీకు పైసాతో సహా ఇచ్చేస్తా. నువ్వు పక్కన నిలబడితే సాలు. ఆడమనిషి పగ్గం పట్టుకోనుంటే ఇంటి గుర్రం అనుకుంటారు. నువ్వు ఏమీ సెప్పొద్దు, ఊరికే గమ్మునుండు" అన్నాడు.

పోనీ నేను వకీలును అడగకుండా ఒప్పుకుంటినా? లేదే. తిరిగొచ్చి అడిగితి. ఆయన కిటికీ పక్క సూసి, "ఇది నేను ఇనలేదమ్మా" అనె. కరుణాకర్ ని అడిగితి. వాడు మిల్లులో నుంచి వచ్చి ఈపుకు ఆముదం రాసుకుంటాండె. భుజాలు కాయలు కాసి, తోలు లేసిపోయుండె. "నీ ఇష్టం అక్కా" అనె. వాని ఈపు సూసినాక నాకింగ ఇష్టమేముండాది?

నిన్న పరస. పొద్దన్నే దానికి తడి గడ్డి పెట్టి, మొగం కడిగి తోలుకోని పోతిమి. దావంతా నా భుజం వాసన సూస్తానే వచ్చె. పాపయ్య బెల్లంలో కలిపి నల్లమందు ఉండ తెచ్చె. నేను ఆ పక్కకు తిరుక్కుంటి. తిరుక్కుంటే సూడనట్టేనా? నువ్వే సెప్పు.

ఎండ పొద్దుకు ఒక జంట వచ్చె. తంబళ్లపల్లె పక్క పల్లె. ముద్దుకృష్ణ, జయమ్మ అంట. కొత్తగా పెండ్లైనోళ్లు, ఆ పిల్ల మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉండాది. మదనపల్లెకు సెనక్కాయలు తోలుకునేదానికి గుర్రం కావాలంట. వాడు పండ్లు సూసె, గిట్టలు సూసె. ఆ పిల్ల మాత్రం నేరుగా గొంతు కింద సెయ్యి పెట్టె.

నా గొంతు మింద పెట్టినట్టుండె నాకు.

"ఉండాది మావా! దేవమణి ఉండాది!" అని ఎగిరె. ఆ నవ్వు సూడాల్సింది నువ్వు. నేను గూడా అట్లనే నవ్వుంటా ఆ పొద్దు.

తరవాత నా పక్క తిరిగి, "అక్కా, మీ ఇంటి గుర్రమంట గదా. ఆ అన్నను అడిగితే సెప్పడు. ఆడదానివని నిన్ను అడగతాండా, దీనికి దోసమేమన్నా ఉండాదా?" అనె.

నేరుగా అడిగేసె పిల్ల. నేను పాపయ్యను అడగని మాట, మా నాయన మీ మేనత్తను అడగని మాట, అది అడిగేసె. పాపయ్య నా మొగం సూస్తాండాడు. కరుణాకర్ ఎక్కడికో సూస్తాండాడు. వాని సొక్కా భుజం కాడ నెత్తురు అంటుకోనుండాది. అంత పరసలోనూ ఒక్క సప్పుడు లేనట్టుండె నాకు. ఇప్పుడే చెప్పవలెను, లేనియెడల ఎన్నటికిని ఊరకుండవలెను.

సెప్పేద్దామనే నోరు తెరిస్తినయ్యా. సత్తెంగా. నా నోరు తెరుసుకోని ఉండాది.

దగ్గు వచ్చే ముందర ఈపు బిగుసుకుంటాది. నీ ఈపు మింద సెయ్యి పెట్టి ఎన్నిసార్లు సూసినానో. అప్పుడు నా సెయ్యి గుర్రం మెడ మింద ఉండాది. అది బిగుసుకునె. నల్లమందును గూడా దాటుకోని, చిన్నగా, పొడిగా దగ్గె.

ముద్దుకృష్ణ గిట్ట ఇడిసిపెట్టి తలెత్తె. "ఏంది ఆ సప్పుడు?" అనె.

నేను కొంగు నోటికి పెట్టుకోని దగ్గితి.

ఖళ్లు ఖళ్లుమని. ఒకసారి గాదు, కండ్లెమ్మడి నీళ్లొచ్చేదాకా. ఎవురు నేర్పిరి నాకు? ఆలోచించలా కూడా. కొంగు దానంతటదే నోటికొచ్చె.

"అయ్యో అక్కా, దగ్గు పట్టిందా?" అని ఆ పిల్ల నా ఈపు రుద్దె. నడుముకు కట్టుకున్న మూట ఇప్పి శొంఠి బెల్లం ముక్క తీసి నా సేతిలో పెట్టె. "నమిలి రసం మింగక్కా. దావలో పనికొస్తాదని మా అమ్మ కట్టిచ్చింది" అనె. అంతలోనే పాపయ్య ముద్దుకృష్ణ సెయ్యి పట్టుకునె. తువ్వాలు కప్పేసిరి. నన్ను అడిగిన మాట ఆ పిల్ల మరిసేపోయె.

తోలుకోని పోతా ఉంటే గుర్రం ఎనక్కి తిరిగి నా పక్క సూసె. నేను ఆడనే నిలబడిపోతే కరుణాకర్ సెయ్యి పట్టుకోని లాక్కోనొచ్చె. రూకలు పెట్టెలో ఉండాయి. వాడు ఎంచుకోను గూడా లేదు. రాత్రి అన్నం తినలా.

అదయ్యా సంగతి. రేపు ఆ పిల్ల గూడా ఏదో ఒక మిట్ట కాడ దగ్గు ఇంటాది. ఇంట్లో ఎవురికన్నా అట్లా దగ్గుండేది ఇనుంటే బిరీన తెలుసుకుంటాది. లేకపోతే రొన్నాళ్లు పడతాది. ఏడుసుకుంటా ఏ వకీలు కాడికన్నా పోతే ఆయన అడగతాడు. ఆయమ్మ ఏమని సెప్పింది నీకు? అని. ఏం సెప్పలేదు సామీ, దగ్గింది, అంటాది. దగ్గు కోర్టుకు రాదమ్మా, అంటాడు.

ఆ శొంఠి బెల్లం ఇదిగో, కొంగు ముడిలోనే ఉండాది. తినబుద్ధి గాలా, పారేయబుద్ధి గాలా. సంస్కారం రొట్టెకు సెయ్యి సాపితే ఇదే గుర్తొస్తాండాది.

గంట కొట్టిరి. అందరూ బయటికొస్తారు, నేను పోవాల. నీకు తెచ్చిన పూలల్లో ఈ పొద్దు రొన్ని ఆ పక్క వరసలో పెడతా, ఏమనుకోవద్దు. ఇన్నాళ్లూ ఏడుపొచ్చినప్పుడల్లా మీ మేనత్తను తిట్టుకోని రొంత తేలిక పడతా ఉంటిని. ఇంగ ఆ ఆధారం గూడా పాయె.